ఎత్తు పెంచే హార్మోన్: ఎవరికి అవసరం, ఎవరికి వద్దు, ఎప్పుడు ఆలస్యం

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక కుర్రాడి ఫోన్‌తో మొదలుపెడతాను.

రెండు నెలల కిందట మా క్లినిక్‌కి వచ్చాడు. ఇంటర్ సెకండియర్, వయసు 16 ఏళ్ళు దాటి ఆరు నెలలు. వాళ్ళ మామయ్య తీసుకొచ్చారు. కూర్చోగానే ఫోన్ తీసి ఒక క్యాప్సూల్స్ డబ్బా ఫొటో చూపించాడు. "సార్, ఇది రెండు నెలల నుంచి వాడుతున్నా. గ్రోత్ హార్మోన్‌ని లోపల్నుంచే పెంచుతుందంట. ఒక్క సెంటీమీటర్ కూడా రాలేదు. డోసు పెంచమంటారా?" అన్నాడు.

డబ్బా మీద ఎంకే-677 అని ఉంది. ఇంట్లో ఎవరికీ తెలీదు. హాస్టల్ ఖర్చులకి పంపిన డబ్బుల్లోంచి ఆన్‌లైన్‌లో కొన్నాడు. పాపం ఆ మామయ్యకి కూడా నా గదిలోనే తెలిసింది. అతన్ని ఏమీ అనలేదాయన. కాసేపు కిందకి చూస్తూ కూర్చున్నారు.

ఈ కుర్రాడి సంగతి ఏమైందో తర్వాత చెప్తాను. ముందు ఆ డబ్బాలో ఉన్నదేంటి, డాక్టర్లు ఇచ్చే ఇంజెక్షన్ ఏంటి, రెండింటికీ తేడా ఏంటి అనేది చూద్దాం. మీకు చిన్నపిల్లలు లేకపోవచ్చు. కానీ తమ్ముడు ఎత్తు పెరగట్లేదని అమ్మకి దిగులు మొదలైతే "ఒకసారి ఫోన్లో చూడరా" అనేది మీతోనే కదా. మీరేం చూసి చెప్తే ఇంట్లో అదే నడుస్తుంది.

మన మెదడు అడుగున, కనుబొమ్మల మధ్య నుంచి సూటిగా లోపలికి వెళ్తే, బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది. పిట్యూటరీ. గ్రోత్ హార్మోన్ తయారయ్యేది అక్కడే. కానీ అది తనంతట తాను వదలదు. పైన హైపోథాలమస్ అనే భాగం నుంచి "ఇప్పుడు వదులు" అని ఒక సిగ్నల్ రావాలి. ఆ సిగ్నల్ కూడా ఒక హార్మోనే. అది వస్తే పిట్యూటరీ గ్రోత్ హార్మోన్‌ని వదులుతుంది. అది కాలేయానికి వెళ్ళి ఐజీఎఫ్-1 అనే ఇంకో పదార్థాన్ని తయారు చేయిస్తుంది. ఈ రెండూ కలిసి ఎముకల చివర్లలో ఉండే మెత్తటి పొర మీద పనిచేస్తాయి. ఆ పొర పేరు గ్రోత్ ప్లేట్. ఎముక పొడవు పెరిగేది అక్కడే.

ఈ గ్రోత్ ప్లేట్ అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఆడపిల్లల్లో సుమారు 14, 15 ఏళ్ళకి, మగపిల్లల్లో సుమారు 16, 17 ఏళ్ళకి ఆ మెత్తటి పొర గట్టిపడి మూసుకుపోతుంది. మూసుకున్నాక హార్మోన్ ఇచ్చినా, పౌడర్ తాగినా, బార్ పట్టుకుని వేలాడినా ఎముక పొడవు పెరగదు. ఆ తర్వాత హార్మోన్ ఎక్కువైతే దవడ, చేతులు, పాదాలు లావెక్కుతాయి, షుగర్ వస్తుంది. ఎత్తు మాత్రం రాదు.

సరే, మందుల సంగతికి వద్దాం. దారులు రెండు. ఒకటి, గ్రోత్ హార్మోన్‌నే బయటి నుంచి ఇవ్వడం. రెండోది, పిట్యూటరీని తట్టి లేపి "నీ దగ్గరున్నది వదులు" అని చెప్పించడం. ఆ కుర్రాడు కొన్నది రెండో రకం.

మొదటి దారికి పెద్ద చరిత్ర ఉంది. 1958లో అమెరికాలో మారిస్ రేబెన్ అనే డాక్టరు, హార్మోన్ లోపం ఉన్న ఒక అబ్బాయికి మనిషి గ్రోత్ హార్మోన్ ఇచ్చి ఎత్తు పెరగడం చూపించాడు. ఆ హార్మోన్ ఎక్కడిది? చనిపోయినవాళ్ళ పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసింది. దాదాపు పాతికేళ్ళు అలాగే ఇచ్చారు. 1985లో ఒక దారుణం బయటపడింది. చిన్నప్పుడు ఆ ఇంజెక్షన్లు తీసుకున్న కొందరు యువకులు క్రాయిట్జ్‌ఫెల్ట్-యాకబ్ అనే మెదడు జబ్బుతో చనిపోయారు. ఏదో ఒక శవం నుంచి ఆ జబ్బు మందులోకి వచ్చేసింది. వెంటనే ఆపేశారు. అదే ఏడాది, ల్యాబ్‌లో బ్యాక్టీరియాతో తయారు చేయించిన హార్మోన్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు మనం వాడేదంతా ల్యాబ్‌లో తయారైన హార్మోనే, దాంతో ఆ భయం లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని హార్మోన్ అంటే డాక్టర్లకి ఎందుకంత భయమో అర్థం కావాలని ఇదంతా చెప్పాను.

మీకు బాగా తెలిసిన ఉదాహరణ లియోనెల్ మెస్సీ. చిన్నతనంలో గ్రోత్ హార్మోన్ లోపం ఉందని తేలింది. రోజూ రాత్రి తనే కాళ్ళకి ఇంజెక్షన్ వేసుకునేవాడు. ఖర్చు ఇంట్లో భరించలేని స్థాయి. 2000లో 13 ఏళ్ళ వయసులో అర్జెంటీనా నుంచి బార్సిలోనాకి వెళ్ళినప్పుడు, ట్రీట్‌మెంట్ ఖర్చు క్లబ్ పెట్టుకుంది. రీల్స్‌లో ఈ కథ తెగ తిరుగుతుంది. వాటిలో చెప్పని సంగతి ఒకటుంది. అంత ట్రీట్‌మెంట్ తర్వాత మెస్సీ ఎత్తు 170 సెంటీమీటర్లు. ఇంజెక్షన్ అతన్ని పొడగరిని చేయలేదు, లోపాన్ని పూడ్చింది. అంతవరకే దాని పని.

ఇప్పుడు రెండో దారి. వినడానికి ఇదే తెలివైన దారిలా ఉంటుంది, నిజానికి డాక్టర్లకీ అలాగే అనిపించింది. ఎందుకంటే హార్మోన్ లోపం ఉన్న చాలామంది పిల్లల్లో పిట్యూటరీ బాగానే ఉంటుంది. పైనుంచి రావాల్సిన సిగ్నలే సరిగ్గా రాదు. మరి ఆ సిగ్నల్‌నే మందుగా ఇస్తే? అలా వచ్చిందే సెర్మోరెలిన్. 44 అమైనో ఆమ్లాలుండే అసలు సిగ్నల్ హార్మోన్‌లో మొదటి 29 తీసుకుని తయారు చేసిన మందు. 1997లో అమెరికాలో పిల్లలకి అనుమతి కూడా వచ్చింది. పిల్లలు పెరిగారు కూడా. కానీ నేరుగా గ్రోత్ హార్మోన్ ఇస్తే పెరిగినంత పెరగలేదు. పోనీ సూది తప్పిందా అంటే అదీ లేదు, ఇదీ రోజూ ఇంజెక్షనే. 2008లో కంపెనీ అమ్మకం ఆపేసింది. ప్రమాదమని ఆపలేదు. అందులో మోసం కూడా ఏమీ లేదు. దానికంటే బాగా పనిచేసేది అప్పటికే ఉంది, అంతే.

క్లోనిడిన్ అనే బీపీ మాత్ర కథ కూడా ఇలాంటిదే. అది వేసుకుంటే గ్రోత్ హార్మోన్ ఒక్కసారిగా పెరుగుతుంది. రోజూ వేస్తే పిల్లలు పొడుగవుతారేమోనని కొన్నేళ్ళు ప్రయత్నించారు. ఎత్తులో తేడా రాలేదు. ఇప్పుడు దాన్ని ట్రీట్‌మెంట్‌గా వాడం, టెస్ట్‌కి వాడతాం. పిల్లాడిని పరగడుపున పడుకోబెట్టి, మాత్ర ఇచ్చి, అరగంటకోసారి రక్తం తీసి, పిట్యూటరీ ఎంత హార్మోన్ వదిలిందో చూస్తాం. ఆ మాత్రకి బీపీ తగ్గుతుంది, పిల్లలు మత్తుగా పడుకుంటారు, అందుకని ఆసుపత్రిలోనే చేయాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా ఒక్కోసారి ఒక టెస్ట్‌లో ఫెయిల్ అవుతారు కాబట్టి, మామూలుగా రెండు వేర్వేరు టెస్టులు చేసి చూస్తాం.

ఇక్కడ ఒక మాట. ల్యాబ్‌కి వెళ్ళి పగటిపూట ఒక్కసారి రక్తం ఇచ్చి "గ్రోత్ హార్మోన్ 0.3 ఉంది, చాలా తక్కువ" అని రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ వచ్చే తల్లులు నాకు నెలకి ఒకరైనా ఉంటారు. ఆ టెస్ట్‌కి అర్థం లేదు. ఆ హార్మోన్ రోజంతా సమానంగా ఉండదు, విడతలు విడతలుగా వస్తుంది, ఎక్కువ భాగం రాత్రి గాఢ నిద్రలో. పగలు ఏ సమయంలో తీసినా చాలామందికి తక్కువే కనిపిస్తుంది. మీ ఎత్తు బ్రహ్మాండంగా ఉన్నా సరే, మీకూ అంతే వస్తుంది.

పౌడర్ డబ్బాల మీద ఆర్జినైన్ ఉందని రాస్తారు చూడండి, అందులో ఒక చిన్న కిటుకు ఉంది. ఆర్జినైన్‌ని పెద్ద మోతాదులో నరంలోకి ఎక్కిస్తే గ్రోత్ హార్మోన్ కాసేపు పెరుగుతుంది, దాన్నీ టెస్ట్‌కి వాడతారు. పాలల్లో కలిపే చెంచాడు పౌడర్‌కి ఆ బలం లేదు. ఆ డబ్బుతో రోజూ రెండు గుడ్లు పెట్టండి.

ఇక ఎంకే-677. దీని అసలు పేరు ఇబుటమోరెన్. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్‌లా నటించి పిట్యూటరీని తడుతుంది. నోటితో వేసుకునే మందు కావడంతో, హార్మోన్ కొద్దిగా తక్కువున్న పిల్లల్లో దీన్ని పరీక్షించారు కూడా. ఆ ట్రయల్స్‌లో పిల్లల్ని ఎంచి తీసుకుంటారు, ప్రతిసారీ రక్తం చూస్తారు. అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని ఏ జబ్బుకీ అనుమతించలేదు. క్రీడాకారులకి నిషేధం. ఆకలి విపరీతంగా పెరుగుతుంది, ఒంట్లో నీరు చేరుతుంది, రక్తంలో షుగర్ పెరుగుతుంది. తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్ళ మీద చేసిన ఒక ట్రయల్‌ని గుండె వైఫల్యం అనుమానంతో మధ్యలో ఆపేశారు. ఇదంతా అసలు మందు సంగతి. ఆన్‌లైన్‌లో వచ్చిన డబ్బాలో నిజంగా ఏముందో ఎవరు చూశారు?

మన కుర్రాడి దగ్గరికి వద్దాం. ఎత్తు 152. ఎడమ చేతికి ఎక్స్‌రే తీయించాం. బోన్ ఏజ్ అంటారు దీన్ని, చేతి ఎముకల్ని చూసి శరీరం వయసు ఎంతో అంచనా వేయడం. గ్రోత్ ప్లేట్లు బార్లా తెరుచుకుని ఉన్నాయి. అతని వయసు 16న్నర, ఎముకల వయసు 13న్నర. గొంతు ఇంకా మారలేదు, మీసం నూగు కూడా లేదు. నాన్నగారి గురించి అడిగితే మామయ్య నవ్వారు. "మా బావ కూడా ఇంటర్ దాకా ఇంతే ఉండేవాడండీ, డిగ్రీలో ఒక్కసారిగా సాగాడు." ఇప్పుడాయన 168.

అర్థమైంది కదా. ఇతనికి జబ్బు లేదు. ఇతని శరీరం మూడేళ్ళు లేటుగా నడుస్తోంది, అంతే. పెరగాల్సింది ముందుంది. ఇలాంటివాళ్ళకి, మరీ బాధపడుతుంటే, యుక్తవయసు మొదలవడానికి తక్కువ డోసులో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ నెలకోసారి కొన్ని నెలలు ఇస్తాం. అదీ తప్పనిసరి కాదు. గ్రోత్ హార్మోన్ అక్కర్లేదు. కానీ ఇతని పరగడుపు షుగర్ 108 వచ్చింది. 100 లోపు ఉండాలి. క్యాప్సూల్స్ ఆపించాం. మళ్ళీ టెస్ట్ చేయాలి, వచ్చే నెల రమ్మన్నాను.

అయితే గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ ఎవరికి? హార్మోన్ లోపం నిర్ధారణ అయినవాళ్ళకి మొదట. వాళ్ళలో ఫలితం కళ్ళకి కనిపిస్తుంది. ఏడాదికి మూడు సెంటీమీటర్లు పెరిగే పిల్లాడు మొదటి ఏడాదిలోనే 8, 10 సెంటీమీటర్లు పెరగడం నేను చూశాను. టర్నర్ సిండ్రోమ్ ఉన్న ఆడపిల్లలకి, దీర్ఘకాల కిడ్నీ జబ్బున్న పిల్లలకి, తక్కువ బరువుతో పుట్టి తర్వాత అందుకోలేకపోయిన పిల్లలకి, ఇంకొన్ని జన్యు సమస్యలకి కూడా ఇస్తారు. 2003 నుంచి అమెరికాలో, ఏ కారణమూ దొరకని మరీ పొట్టి పిల్లలకి కూడా అనుమతి ఉంది. వీళ్ళ విషయంలో మాత్రం నేను తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడతాను. కొన్నేళ్ళపాటు రోజూ సూది వేస్తే సగటున నాలుగైదు సెంటీమీటర్లు కలుస్తాయి. కొందరికి ఎక్కువ, కొందరికి దాదాపు ఏమీ రాదు. దానికి ఆ డబ్బు, ఆ సూదులు, "నాలో ఏదో లోపం ఉంది" అని పిల్లాడు ఏళ్ళ తరబడి అనుకోవడం, ఇవన్నీ తూచి చూసుకోవాలి. నన్నడిగితే చాలామందికి వద్దనే చెప్తాను.

సూది సంగతి. పెన్నులాంటి పరికరంతో చర్మం కిందకి, రాత్రి పడుకునే ముందు. ఇంట్లోనే వేసుకోవచ్చు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలి, ఫ్రీజర్‌లో పెడితే మందు పాడవుతుంది. డోసు బరువును బట్టి, కాబట్టి పిల్లాడు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. మొదటి నెల బిల్లు చూసి సరే అనుకోవద్దు, నాలుగేళ్ళ లెక్క ముందే అడగండి. ఆర్నెల్లు వేసి డబ్బుల్లేక ఆపేసే ఇళ్ళు చూస్తుంటే బాధేస్తుంది. వారానికి ఒక్కసారి వేసుకునే రకాలు కూడా వచ్చాయి, అమెరికాలో పిల్లలకి మొదటిది 2021లో, మరో రెండు 2023లో. ట్రీట్‌మెంట్‌లో ఉన్న పిల్లలకి గట్టిగా తలనొప్పి వచ్చి చూపు మసకబారినా, తుంటి దగ్గరో మోకాలి దగ్గరో నొప్పితో కుంటినా ఆగకుండా డాక్టర్‌కి చెప్పాలి.

ఇంకో రకం పిల్లలున్నారు, వీళ్ళని ఎవరూ పట్టించుకోరు. ఎందుకంటే క్లాసులో వీళ్ళే పొడుగు. ఆడపిల్లకి 8 ఏళ్ళలోపు, మగపిల్లాడికి 9 ఏళ్ళలోపు యుక్తవయసు లక్షణాలు మొదలైతే ముందు గబగబా పెరుగుతారు, తర్వాత గ్రోత్ ప్లేట్లు తొందరగా మూసుకుపోయి అక్కడే ఆగిపోతారు. వీళ్ళకి హార్మోన్ పెంచడం కాదు, కొంతకాలం ఆపాలి. దానికి నెలకోసారో మూడు నెలలకోసారో వేసే ఇంజెక్షన్లున్నాయి. మీ చెల్లి మూడో తరగతిలోనే అందరికంటే పొడుగైపోయిందంటే సంతోషంతో పాటు ఒకసారి చూపించండి కూడా.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పాలి. చెప్పకుండా ఈ వీడియో ముగించలేను.

ప్రాక్టీసు కొత్తలో, ఒక పాపని జ్వరమని తీసుకొచ్చారు. ఎనిమిదేళ్ళుంటాయి. మందు రాసిస్తుంటే వాళ్ళమ్మ, "సార్, పాప ఎత్తు పెరగట్లేదు, తనకంటే చిన్నవాళ్ళు దాటిపోతున్నారు" అంది. నేను తలెత్తకుండానే, "పెద్దమనిషయితే అదే పెరుగుతుందిలే అమ్మా" అన్నాను. కొలవలేదు. నా గదిలో అప్పుడు స్కేలే లేదు.

ఆరేళ్ళకి మళ్ళీ వచ్చారు. 14 ఏళ్ళొచ్చినా రజస్వల కాలేదని. అప్పుడు చూశాను. ఎత్తు 126. క్రోమోజోముల టెస్ట్ చేయిస్తే టర్నర్ సిండ్రోమ్. సుమారు 2,500 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉంటుంది. ఆడపిల్లల్లో ఉండాల్సిన రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి లేకపోవడమో, సగమే ఉండటమో. తల్లిదండ్రుల వల్ల వచ్చేది కాదు. ట్రీట్‌మెంట్ లేకపోతే ఈడు ఆడవాళ్ళకంటే దాదాపు 20 సెంటీమీటర్లు తక్కువగా ఆగిపోతారు. నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య హార్మోన్ మొదలుపెడితే అందులో చాలా భాగం పూడ్చొచ్చు. ఎనిమిదేళ్ళకి మొదలుపెట్టినా బాగానే వచ్చేది. 14కి మొదలుపెట్టి రెండేళ్ళు వేశాం. 9 సెంటీమీటర్లు వచ్చాయి. తర్వాత గ్రోత్ ప్లేట్లు మూసుకున్నాయి.

ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. గుండె స్కాన్‌కీ, థైరాయిడ్ చెకప్‌కీ ఏటా వస్తుంది. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేనన్న మాట ఆమెకి గుర్తుందో లేదో నేను అడగలేదు.

అందుకని ఈ వీడియో అయిపోగానే ఒక పని చేయండి. ఇంట్లో చిన్నవాళ్ళుంటే చెప్పుల్లేకుండా గోడకి నిలబెట్టండి. మడమలు, పిరుదులు, తల వెనక భాగం గోడకి తగలాలి. తల మీద ఒక అట్ట పుస్తకం సమంగా పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి, తేదీ రాయండి. ఆర్నెల్ల తర్వాత అదే సమయంలో మళ్ళీ. ఉదయం కొలిస్తే ఉదయమే, సాయంత్రానికి మనిషి కాస్త తగ్గుతాడు. నెలనెలా కొలవకండి, ఊరికే గాభరా. నాలుగేళ్ళు దాటాక యుక్తవయసు దాకా పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరగాలి. 4 కంటే తక్కువైతే ఎందుకో తెలుసుకోవాలి. చాలాసార్లు కారణం గ్రోత్ హార్మోన్ కాదు. థైరాయిడ్, రక్తహీనత, కిడ్నీ, పేగుల సమస్య, ఆస్తమాకి ఎక్కువకాలం మింగిన స్టెరాయిడ్ మాత్రలు, లేదంటే తిండి చాలకపోవడం. ముందు వాటిని చూస్తాం.

అమ్మానాన్నల ఎత్తు లెక్క కూడా వేసుకోండి. ఇద్దరి ఎత్తూ కలిపి, అబ్బాయికైతే 13 కలపండి, అమ్మాయికైతే 13 తీసేయండి, వచ్చినదాన్ని రెండుతో భాగించండి. నాన్న 168, అమ్మ 154 అనుకోండి, అబ్బాయికి 167న్నర, అమ్మాయికి 154న్నర వస్తుంది. అటూ ఇటూ 8 సెంటీమీటర్లు మామూలే. పిల్లాడు పెరిగే తీరు ఈ లెక్కకి బాగా కింద ఉంటేనే ఆలోచించాలి. అమ్మానాన్నలు చిన్నగా ఉండి పిల్లాడూ చిన్నగా ఉంటే, ఏటా పెరుగుదల సరిగ్గా ఉంటే, అది వాళ్ళ ఇంటి ఎత్తు.

మా క్లినిక్‌లో ఇప్పుడు తలుపు పక్కనే గోడకి స్కేలు ఉంది. జ్వరమని వచ్చినా, దగ్గని వచ్చినా ముందు చెప్పులు విడిపించి అక్కడ నిలబెడతాం. కొందరు విసుక్కుంటారు, "జ్వరానికి ఎత్తెందుకండీ" అని. విసుక్కోనీ.

వచ్చే ఎపిసోడ్‌లో ఆడపిల్లల్లో తొందరగా రజస్వల అవడం గురించి మాట్లాడతాను. ఉంటానండీ, నమస్తే.